మూగకనుమలో ఓబులమ్మ మోకాళ్ళు

అనగనగా, మీ ముత్తాతల ముత్తాతకు ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, కొండల నడుమ కోనంపేట అని ఒక ఊరుండేది. ఆ ఊరివాళ్ళకు రెండే పనులు బాగా వచ్చు. ఒకటి కర్రసాము. రెండోది పక్కింటి సంగతులు మాట్లాడుకోవడం. రెండోదానిలో వాళ్ళను ఓడించినవాడు ఈ భూమ్మీద పుట్టలేదు. మొదటిదాని సంగతి ఇప్పుడు చెబుతాను, వినండి.

ఊరి చివర గరిడీ ఉండేది. సాము నేర్పే చోటును గరిడీ అంటారు. అక్కడ జల్లించిన ఎర్రమన్ను పరిచి, పొద్దున్నే నీళ్ళు చల్లి, పలకతో చదును చేసేవారు. కాకి నడిచినా ఆ మన్ను చాడీ చెప్పేది.

అందరికన్నా ముందు గరిడీకి వచ్చేది ఓబులమ్మ. ఆమెకు అరవై నాలుగేళ్ళు. తండ్రి ఒకప్పుడు ఆ గరిడీకి గురువు. కొడుకులు లేక కూతురి చేతికే కర్ర ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళ కిందట కోటమెట్ల మీద జారిపడి ఆమె కుడి మోకాలు చెడింది. దాని బరువు కూడా తానే మోసి మోసి ఎడమ మోకాలు అలిగింది. అప్పటినుంచి ఓబులమ్మ రోజూ ఆముదం కాచి రాసుకునేది, వేడి చేసిన జిల్లేడాకులు కట్టుకునేది, గుంజ పట్టుకుని కాళ్ళు మెల్లగా ఆడించుకునేది. ఆ తర్వాతే కర్ర తిప్పేది. మెట్లు దిగాలంటే ఎండ్రకాయలాగా పక్కకు తిరిగి దిగేది. ఎగిరి దూకే వేట్లన్నీ మానేసింది. వంగకుండా, కూలబడకుండా, మణికట్టుతోనే పని జరిగే వేట్లు తనకు తానే కల్పించుకుంది.

"ఈ వయసులో నీకెందుకక్కా ఈ సాము? ఇంట్లో కూర్చోరాదా?" అనేవాడు గరిడీ గురువు వీరభద్రుడు. ఆయన మనిషి ఏనుగంత, మీసం ఏనుగుకు లేనంత.

"ఇంట్లో కూర్చున్నా నొప్పెడతాయి తమ్ముడూ. ఇక్కడైతే నొప్పితోపాటు కర్ర కూడా తిరుగుతుంది" అనేది ఓబులమ్మ.

ఆ గరిడీలో ఒక పాత కట్టుబాటు ఉండేది. పోటీకి ముందు ఇద్దరూ మన్ను తాకి, తమ ఒంట్లో ఎక్కడెక్కడ నొప్పి ఉందో పైకి చెప్పాలి. ఎదుటివాళ్ళు అక్కడ కొట్టకూడదు. ఎవరి మోకాలు ముందు నేలకు తాకితే వాళ్ళు ఓడినట్టు. కట్టుబాటు మంచిదే. కానీ కోనంపేటలో ఎవరిని అడిగినా "ఏ నొప్పీ లేదు" అనేవారు. ఊరంతా ఏ నొప్పీ లేనివాళ్ళే. వైద్యుడు మాత్రం రెండంతస్తుల మేడ కట్టాడు.

ఒక్క ఓబులమ్మే ఉన్నదున్నట్టు చెప్పేది. ఆమె మొదలుపెడితే జనం ఇంటికి పోయి, మజ్జిగ తాగి, తీరిగ్గా తిరిగి వచ్చేవారు.

ఆమె కూతురు గంగికి ముప్పై ఏళ్ళు. గరిడీలో ఆ పిల్లంత చురుకైనవాళ్ళు లేరు.

"అమ్మా, ఆ మోకాళ్ళ పురాణం నలుగురిలో విప్పొద్దే. నాకు సిగ్గుగా ఉంటుంది."

"నొప్పి నాది. సిగ్గు నీకెందుకే?"

ఇట్లా ఉండగా ఒక వింత జరిగింది.

ఆ ఊరికి ఉప్పు వచ్చేది మూగకనుమ దారిన. ఆ కనుమలో ఎంత అరిచినా ప్రతిధ్వని రాదు. కొండలు మాట తీసుకుంటాయి, తిరిగి ఇవ్వవు. ఆ ఏడు వానలు తగ్గాక ఉప్పుబళ్ళు రావడం మానేశాయి. చివరికి ఒకే ఒక్క బండి వచ్చింది. ఎద్దులు వచ్చాయి, ఉప్పు వచ్చింది, బండివాడు రాలేదు. అతని తలపాగా మాత్రం బండి ముందుభాగంలో, కూర్చున్న మనిషి మీద ఉన్నట్టే చుట్టు చెదరకుండా ఉంది.

"ఎవరో దొంగ. నా కర్రకు ఒక పూట పని" అని వీరభద్రుడు మీసం దువ్వుకుని వెళ్ళాడు. సాయంత్రానికి తిరిగి వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడమే మొదటి అపశకునం.

మర్నాడు పొద్దున ఆయన గరిడీలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. తడిమన్ను మీద ఒక్క అడుగు పడలేదు. ఊరకుక్క ఒకటి ఆయన నిలబడ్డ చోటును వాసన చూసి, అక్కడ ఎవరూ లేనట్టు ఆయన కాళ్ళలోంచే వెళ్ళిపోబోయింది.

రోజురోజుకూ ఆయన తేలికైపోయాడు. తలుపు తీస్తే గాలికి గోడదాకా జరిగేవాడు. మూడోనాడు భార్య ఆయన నడుముకు తాడు వేసి రోటికి కట్టింది. ఈ పని పెళ్ళైన ఏడే చెయ్యాల్సిందని నలుగురూ అన్నారు. నాలుగోనాటికి ఎవరూ ఏమీ అనలేదు. తాడు నిటారుగా పైకి నిలబడి ఉంది. దాని చివర, ఇంటికప్పు ఎత్తున, వీరభద్రుడు కనుమవైపు చూస్తూ మెల్లగా ఊగుతున్నాడు.

ఆ సాయంత్రం ఓబులమ్మ అరుగు అలికి, గుంజకు ఆనుకుని నిలబడింది. ఎక్కడినుంచో గంగి వచ్చింది. చేతిలో కర్ర ఉంది. పచ్చిగా ఉన్న అరుగు మీదుగా నడిచి లోపలికి పోయింది.

ఓబులమ్మ అరుగు వంక చూసింది. కోడిపిల్ల అడుగులున్నాయి. గంగి అడుగులు లేవు. కాళ్ళు నేలను తాకుతున్నాయి, నేల మాత్రం ఒప్పుకోవడం లేదు.

"చెప్పకుండా కనుమకు పోయినావా, తల్లీ?"

గంగి గోడకు ఆనుకుని నిలబడింది. గొంతు కూడా పలచబడింది.

"మిట్టమధ్యాహ్నం, నీడలు కాళ్ళకింద దాక్కున్నాక ఏదో వచ్చిందమ్మా. కుమ్మరి ఇంకా ముఖం దిద్దని బొమ్మలాగా ఉంది. ఎక్కడెక్కడ నొప్పి తల్లీ, అని అడిగింది. మన గరిడీలో లాగానే. ఎంత ప్రేమగా అడిగిందో."

"నువ్వేమన్నావు?"

"ఏ నొప్పీ లేదన్నాను. అనగానే దానికి నా ముఖం వచ్చింది. నా చేతులొచ్చినాయి. నాలాగే కొట్టింది. కానీ నాకన్నా బాగా కొట్టింది. నా మోకాలు నేలకు తాకగానే నా అడుగులు తీసేసుకుంది."

ఓబులమ్మ కూతురి కుడి మణికట్టు పట్టుకుని కాస్త నొక్కింది. గంగి పళ్ళు బిగించింది.

"ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళు."

"నాతో కూడా చెప్పలేదే?"

"నీలాగా అనిపించుకోవడం ఇష్టంలేక" అంది గంగి తల వంచుకుని.

ఓబులమ్మ పొయ్యి వెలిగించింది. ఆముదం కాచింది. మణికట్టుకు రాసి, ఆకు వేసి కట్టింది. కడుతూ కడుతూ ఆగింది.

"అయితే ఈ నొప్పి దానికి రాలేదు. నువ్వు చెప్పనిది దానికెట్లా వస్తుంది! నొప్పి లేని గంగిని నువ్వే తయారుచేసి, నొప్పితో దాని ఎదుట నిలబడ్డావు."

తెల్లవారాక గంగిని నడుముకు గుడ్డ చుట్టి గుంజకు కట్టేసింది. గంగి కూడా వీరభద్రుడిలాగా గాలిలోకి లేవడానికి ఇక మూడు రోజులే గడువని ఆమెకు తెలుసు. కర్ర తీసుకుని ఒక్కతే బయలుదేరింది. ఊరు ఎంత భయపడ్డా నోరు మూసుకోదు కదా.

"ఓబులమ్మత్తా! నీ నడకకు నువ్వు పోయి తిరిగొచ్చేసరికి ఉగాది దాటిపోతుంది" అన్నాడొకడు.

"అయితే నా వంతు పచ్చడి గిన్నెలో ఉంచు నాయనా. ఉప్పు నేను తెస్తాను" అంది ఓబులమ్మ.

ఎక్కడా కూర్చోకుండా, ఎందుకంటే కూర్చుంటే లేవడం ఇంకో పని, ఆమె మధ్యాహ్నానికి కనుమ చేరింది.

అక్కడ గాలి కదులుతోంది, ఆకు చప్పుడు లేదు. పిట్టలు నోళ్ళు తెరుస్తున్నాయి, కూత లేదు. దారిలో మెత్తటి దుమ్ము. ఆ దుమ్ములో అడుగులు నడుస్తున్నాయి. మనుషులు లేరు. ఉత్త అడుగులే, ఒకదాని ముందొకటి పడుతూ పోతున్నాయి. వీరభద్రుడి వెడల్పాటి పాదాలను ఆమె గుర్తుపట్టింది. మడమ దగ్గర పగులున్న సన్నటి పాదాలు గంగివి. ఆమెను చూసి అవి కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చాయి.

ఓబులమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా నిలబడింది.

దారి మధ్య అది ఉంది. ముఖం లేదు. నీడా లేదు.

"ఎక్కడెక్కడ నొప్పి, తల్లీ?" అంది ప్రేమగా.

ఓబులమ్మ కర్ర ఊతంతో వంగి, మోకాలు ఆననివ్వకుండా మన్ను తాకింది.

"కుడి మోకాలు. లోపలివైపు. దిగుడులో కత్తి పెట్టినట్టుంటుంది. ఎడమ మోకాలు. లేచేటప్పుడు పట్టేస్తుంది, ఎప్పుడు వదులుతుందో దాని ఇష్టం. ఎడమ తుంటి. వెన్నులో కింది పూస. కుడిచేతి బొటనవేలు, చలికాలంలో."

"అయిందా?"

"తొందరేముంది? ముసురుపట్టిన రోజు సంగతి ఇంకా చెప్పనే లేదు."

ఆమె చెబుతున్నకొద్దీ దానికి ఓబులమ్మ ముఖం వచ్చింది. నెరిసిన జుట్టు వచ్చింది. కర్రా, తండ్రి నేర్పిన సాము మొత్తమూ ఆ చేతుల్లోకి వచ్చాయి. అది ఒక అడుగు ముందుకు వేసింది. మోకాలు టక్కుమంది. మాటలు కాక, ఆ కనుమలో పుట్టిన మొదటి చప్పుడు అదే. దుమ్ములో నడిచే అడుగులన్నీ ఆగిపోయాయి.

ఎత్తున నిలబడ్డవాడిదే పైచెయ్యి అని గరిడీలో మొదటిరోజే నేర్పుతారు. ఓబులమ్మ పక్కకు తిరిగి, ఎండ్రకాయలాగా దిగి, పల్లంలో నిలబడింది. అది ఆమె ముఖంతోనే ఆమెను చూసి నవ్వింది. నవ్వి, దిగుడులో దూకింది.

దూకడం దూకింది కానీ, నేలమీద ఆనగానే ఆ నవ్వు పోయింది. వేటు గురి తప్పింది. ఓబులమ్మ కర్ర ముంగిలిలో ముగ్గు వేసినట్టు చిన్న చుట్టు తిరిగి దాన్ని పక్కకు తోసింది.

అది మడమ మీద గిర్రున తిరిగి రెండో వేటు వేసింది. ఓబులమ్మకు గిర్రున తిరగడం మానేసి ఇరవై రెండేళ్ళయింది. మూడు బుల్లి అడుగులు వేసి తప్పుకుంది. దాని కుడి మోకాలు ఆమె కర్రకు అందేంత దగ్గరకు వచ్చింది. ఓబులమ్మ కొట్టలేదు. ఏ మోకాలు ఎంత నొప్పో ఆమెకన్నా ఎవరికి తెలుసు?

మూడోసారి అది తండ్రి నేర్పిన అన్నిటికన్నా గొప్ప వేటు తీసింది. నేలబారున కూలబడి, ఎదుటివాళ్ళ కాళ్ళను కోసినట్టు విసిరే వేటు. ఎంత అందంగా కూలబడిందంటే, ఒక్క క్షణం ఓబులమ్మకు తన పడుచుతనం కళ్ళముందు కనబడింది. కర్రను అడ్డుగా నాటి, ఆ వేటును ఆపి, ఊరికే నిలబడింది.

అది లేవాలి. లేవలేదు. ఎడమ మోకాలు పట్టేసింది. కుడి మోకాలి మీద బరువు వేసింది. కెవ్వుమంది. అట్లా కాసేపు వణికి, వణికి, మోకాలు నేలకు ఆనించింది.

"ఇట్లా..." అంది అది ఓబులమ్మ గొంతుతోనే, "ఇట్లా రోజూనా?"

"రోజూ. చలికాలంలో రెండు పూటలా."

అది కర్ర కింద పెట్టింది. "ఓడాను. ఒక్కటే ఇవ్వగలను. ఈ అడుగులు తీసుకుపో. లేదా నీ మోకాళ్ళను ఇరవై ఏళ్ళ పిల్ల మోకాళ్ళుగా చేస్తాను. ఏది?"

ఓబులమ్మ ఆలోచించలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆలోచించింది. రెండు ఊపిరులంతసేపు ఆలోచించింది. మెట్లు ఎదురుగా దిగే సుఖం ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుంది.

"అడుగులు" అంది. "ఉప్పుబండివాడివి కూడా."

"అతని అడుగులు ఉన్నాయి. అతను లేడు."

అంతే, దుమ్ము లేచింది. అడుగులన్నీ ఊరివైపు పరుగెత్తాయి. ఒక్క జత మాత్రం బండిజాడ పక్కన, ఎవరో వస్తారని చూస్తున్నట్టు, నిలబడిపోయింది. ఓబులమ్మ వాటికి దండం పెట్టి వెనుదిరిగింది.

"పోవద్దు!" అంది వెనకనుంచి ఆమె గొంతే. "ఎట్లా లేవాలో చెప్పిపో!"

"చెబితే రాదు. ఇరవై రెండేళ్ళు పడుతుంది" అంది ఓబులమ్మ, తిరిగి చూడకుండా.

ఆమె ఊరు చేరేసరికి గంగి కట్లు తెంపుకుని ఎదురు పరుగెత్తుకొస్తోంది. వెనక మన్నులో అడుగులు లోతుగా పడుతున్నాయి. వీరభద్రుడు కప్పు ఎత్తునుంచి పేడకుప్ప మీద పడ్డాడు. తానే దూకానని ఆయన అంటాడు. అనుకోనివ్వండి.

గంగి తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మణికట్టు నొప్పిగా ఉంది" అంది, దారిన పోయేవాళ్ళందరికీ వినబడేలా.

"తెలుసు. రేపు పొద్దున నాతో రా. ఆ నొప్పితో కర్ర ఎట్లా తిప్పాలో చూద్దాం."

కాబట్టి పిల్లలూ, ఒంట్లో ఉన్న నొప్పిని దాచుకున్నవాళ్ళు తమ చేతులతోనే తమకన్నా బలమైన శత్రువును తయారుచేసుకుంటారు. నొప్పిని ఒప్పుకుని దానితోనే రోజూ సాధన చేసినవాళ్ళను, బలం విడిచిపోయినా, నేర్పు విడిచిపోదు.