పర్వతయ్యకు రావలసిన మాట

పర్వతయ్యకు మాట ఇవ్వకముందే గురువైన అయ్యకు మాట పడిపోయింది.

కొండ మీద ఆ చిన్న మఠంలో ఒక పద్ధతి ఉండేది. శిష్యుడి చదువు ముగిసిన రోజున గురువు బుట్టలో చెయ్యిపెట్టి, వేపచెక్కతో చేసిన అక్షరాలు కొన్ని తీసి అతని దోసిట్లో పోసేవాడు. వాటికి వరస ఉండదు. అర్థం చెప్పేవాడూ ఉండడు. అటూ ఇటూ మార్చి మాట కూర్చుకోవడం శిష్యుడి పని. బతికినన్నాళ్లూ ఆ మాటే అతనికి దారి. మాట అందనివాడు కొండ దిగి ఎవరికీ ఏమీ బోధించకూడదు.

అక్షరాలు కూర్చడంలో పర్వతయ్యను మించినవాళ్లు లేరు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. తోటివాళ్లు తమ అక్షరాలు కొంగున కట్టుకుని అతని దగ్గరికే వచ్చేవాళ్లు. ఇప్పుడు అతని వంతు వచ్చేసరికి అయ్య చాప మీద పడి ఉన్నాడు. ఎడమచెయ్యి ఒక్కటే కదులుతోంది.

బయట ముసురు. అయ్యకు జావ తాగించడం, పక్కన కుంపటి ఆరిపోకుండా చూడడం పర్వతయ్య పని. అతను అక్షరాల బుట్ట తెచ్చి అయ్య చేతి కింద పెట్టాడు.

"నా మాట ఇప్పించండి అయ్యా."

అయ్య అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గుప్పెడు అక్షరాలు తీసి, వణికే చేతిని కుంపటివైపు చాపాడు. అటే కూర్చున్న పర్వతయ్య గబుక్కున దోసిలి పట్టాడు.

ఆ అక్షరాలతో 'నిలకడ' వచ్చింది. కానీ ఒకటి మిగిలిపోయింది. మిగలకూడదు. దాన్ని రొంటిన దోపుకుని, మర్నాడు మళ్లీ బుట్ట పెట్టాడు. అయ్య మళ్లీ గుప్పెడు తీశాడు, మళ్లీ అటే చాపాడు. ఈసారి 'ఎడబాటు' వచ్చింది. రెండు మిగిలాయి. వాటినీ రొంటినే దోపుకున్నాడు.

"నా అక్షరాల్లోంచి 'మెలకువ' తీయడానికి నీకు రొట్టె తినేంతసేపు పట్టలేదు," అంది మఠంలో పెద్ద శిష్యురాలు రుద్రాంబ, గుమ్మంలో నిలబడి. "అప్పట్నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు. నీ దగ్గరికొచ్చేసరికి ఏమైందిరా?"

"అయ్య చాలా లోతుగా చెబుతున్నారక్కా. అంత తేలిగ్గా చిక్కదు."

"చిక్కేదాకా ఆయన ఉండాలి కదా," అని ఆమె వెళ్లిపోయింది.

ఆ మాటతో అతనికి తొందర పుట్టింది. తిండి మానేసి అక్షరాల ముందే కూర్చున్నాడు. అయ్య జావ మీద పొర కట్టింది. చూరు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం అయ్య గుప్పెడు తీయలేదు. బుట్ట అంచు పట్టుకుని తనవైపు లాక్కున్నాడు. ఇక అన్నీ తనకే ఇచ్చేస్తున్నాడనుకుని పర్వతయ్య దోసిలి చాపి ముందుకు వంగాడు.

అయ్య చెయ్యి అతని దోసిలి దాటిపోయింది. బుట్టను కుంపటిలోకి వంచేసింది.

"అయ్యా, అవి..."

అయ్య వినలేదు. ఆ అక్షరాల మీద అరచెయ్యి చాపి ఉంచాడు, చలి కాచుకునేవాడిలాగా. కింద చల్లటి బూడిద తప్ప ఏమీ లేదు.

పర్వతయ్య ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. గోళ్లు నీలంగా ఉన్నాయి.

అతను లేచి గూట్లోంచి దీపం తెచ్చాడు. రొంటిలో దాచిన అక్షరాలు తీశాడు. అవి ఏవో చూడలేదు. కుంపటిలో వేసి, దీపంతో అంటించి, బోర్లాపడి ఊదడం మొదలుపెట్టాడు.

పొగ చూసి రుద్రాంబ వచ్చింది. కుంపటిలోకి చూసి అక్కడే ఆగిపోయింది.

"మఠం అక్షరాలురా అవి. ఇక నీకు మాటెలా వస్తుంది?"

"అక్కా, తడవని కట్టెలు ఎక్కడైనా ఉన్నాయా?" అన్నాడు పర్వతయ్య.

అయ్య చెయ్యిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతున్నాడు. అది ఇంకా వెచ్చబడలేదు.