కూర్మారావు వీపు

కుర్ర భిక్షువు సుమేధుడికి ధ్యానం మీద మంచి పట్టు చిక్కింది. బుగ్గ మీద దోమ వాలినా చెయ్యి కదిపేవాడు కాదు. అందుకే వెనక వరుసలో కూర్చుని ఒళ్లంతా గోక్కునే కూర్మారావును చూస్తే అతనికి చిరాకు.

కూర్మారావుది ఉద్దానంలో జీడితోటల ఊరు. కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మీద బతుకుతున్నాడు. ఆసుపత్రికి వెళ్లని రోజుల్లో కొండ మీది బౌద్ధారామానికి వచ్చి కాసేపు కూర్చుంటాడు.

ఒక ఉదయం సుమేధుడు ఉండబట్టలేక అతని దగ్గరికి వెళ్లాడు.

"దురదను ఊరికే గమనించండి. అదే పోతుంది."

"పోవట్లేదు బాబూ."

"మీకింకా నిగ్రహం కుదరలేదు. కుదిరాక రండి."

కూర్మారావు తువ్వాలు భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచాడు. అది చూసిన ముసలి గురువు విమలబోధి అతన్ని వెనక్కి పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టాడు.

"చొక్కా తియ్యి నాయనా."

వీపు నిండా గోళ్ల గీతలు. కొన్నిచోట్ల నెత్తురు గడ్డకట్టింది. గీతలే తప్ప దద్దురు లేదు, పొక్కు లేదు. చర్మం బూడిద పూసినట్టు ఎండిపోయి ఉంది.

"రాత్రిళ్లు ఎక్కువవుతుందా?"

"కునుకు పట్టనివ్వదు. మిషను మీదున్నప్పుడు మరీను. సూదులున్న చెయ్యి కదపకూడదు గదా."

"డాక్టరుకు చెప్పావా?"

"కిడ్నీలే పోయినోణ్ణి. దురదని ఏటని సెప్తాను బాబూ?"

గురువు లోపలికెళ్లి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ తెచ్చాడు. రుద్దకుండా, అద్దినట్టే తుడిచాడు. తడి పూర్తిగా ఆరకముందే, పుండ్లు వదిలేసి కొబ్బరినూనె రాశాడు. సగం వీపు అయ్యాక గిన్నె సుమేధుడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సుమేధుడు మిగతా సగం రాశాడు. అరచేయి ఆనగానే కూర్మారావు భుజాలు సడలాయి. కూర్చున్నచోటే కునికిపాట్లు పడ్డాడు.

మర్నాడు సుమేధుడు ఆసుపత్రికి తోడు వెళ్లాడు. దురద సంగతి డాక్టరమ్మకు తనే చెప్పాడు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం? ఇదీ కిడ్నీ జబ్బులో భాగమే," అందామె. రక్తపరీక్షలో భాస్వరం ఎక్కువగా ఉంది. దాన్ని తగ్గించడానికి అన్నంతో పాటు వేసుకోవలసిన మాత్ర అతను పరగడుపున వేసుకుంటున్నాడు. అది సరిచేసి, డయాలసిస్ అయ్యాక వేసుకోమని దురదకు మరో మందు రాసింది. దురద పూర్తిగా పోలేదు గాని, కొన్నాళ్లకు కూర్మారావుకు నిద్ర పట్టసాగింది. అది తర్వాతి మాట.

ఆ రోజు మిషను మీద ఉండగా కూర్మారావు పళ్లు బిగబట్టాడు. సుమేధుడు వీపు కింద చెయ్యి దూర్చి, దురద ఎక్కడో కనుక్కుని, మెల్లగా రాస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం గురువు అడిగాడు. "ఈవేళ ధ్యానంలో కూర్చోలేదేం?"

"కుదరలేదు భంతే. మిషను ఆగేదాకా ఆయన మంచం పక్కనే ఉన్నాను."

"అయితే కూర్చున్నావు," అని గురువు దీపం వెలిగించడానికి లేచాడు.