మంత్రిగారి పల్లకీ

ఇంట్లో పెళ్లానికి ఒళ్లు కాలిపోయే జ్వరం. అయినా బోయీ గంగులు ఆ పొద్దు మంత్రిగారి పల్లకీ మోయక తప్పలేదు. కూలి ఇవ్వని వెట్టి అది, కాదంటే కొరడా దెబ్బలు. పల్లకీ వెళ్లింది ప్రజల హక్కుల ఉత్సవానికి!

పొరుగు దేశాల రాయబారుల ముందు మంత్రి ఏటా చదివే శాసనమే మళ్లీ చదివాడు: "ఈ క్షణం నుంచి మా రాజ్యంలో వెట్టి లేదు. చేయించుకున్నవాడికి చెరసాలే!" చప్పట్లు మోగిపోయాయి. బయట గంగులుకి కాలు నిలవడం లేదు.

మంత్రి వచ్చి పల్లకీలో కూర్చున్నాడు. బోయీలెవరూ కదల్లేదు.

"ఎత్తరేంరా?"

"ఎత్తితే తమరు చెరసాల పాలవుతారని భయంగా ఉందయ్యా," అన్నాడు గంగులు చేతులు కట్టుకుని.

"ఓరి వెర్రివాడా, అవి ఉత్సవం మాటలురా!" మంత్రి పళ్లు నూరాడు.

"అయితే ఆ ముక్కే కాస్త గట్టిగా సెలవియ్యండి. అదిగో, రాయబారులు ఇటే వస్తున్నారు. వాళ్లు వినగానే ఎత్తేస్తాం."

మంత్రి పల్లకీ దిగి నడక సాగించాడు. గంగులు ఇంటికి పరుగెత్తాడు.

మర్నాడే కొత్త ఉత్తర్వు వెలువడింది: వచ్చే ఏటి నుంచి హక్కుల ఉత్సవం మంత్రిగారి వాకిట్లోనే జరుగుతుంది.