చుక్కమ్మ చదివిన గోడ

నల్లగుట్ట రాళ్ల సందున చుక్కమ్మ అనే కుందేలు పిల్లలతో కాపురముండేది. లోపలంతా చీకటి. బయటికి పోవడానికి తూర్పున ఒక బొరియ, పడమర ఒక బొరియ. రెంటికీ నడుమ, దక్షిణపు బండకు చింతగింజంత చిల్లు. ఆ చిల్లులోంచి వెలుగొచ్చి ఎదురుగోడ మీద బయటి లోకమంతా తలకిందులుగా పడేది. ఆకాశం కింద, నేల పైన. పొద్దున్నే గోడ చూసి, ఎవరూ లేరంటేనే పిల్లల్ని మేతకు వదిలేది చుక్కమ్మ. ఈ విద్య తనకొక్కదానికే వచ్చని ఆవిడగారికి మిడిసిపాటు కూడానూ.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఇంట్లో గడ్డిపరక లేదు. అది చాలదన్నట్టు గుంటయ్య అనే నక్క గుట్ట ముందు తిష్ట వేశాడు.

"వదినా, నువ్వు లోపలుండి నన్నెలా పసిగడతావు?" అని అడిగాడు వాడు. రాళ్లలో మాట ఎటునుంచి వస్తోందో తెలియదు.

"నా గోడ చెబుతుంది. నువ్వు దానిమీద తలకిందులుగా వేలాడుతుంటావు. నేను తిప్పి చదువుకుంటాను."

"అబ్బో. అయితే ఇప్పుడు ఎటు పక్కనున్నానో చెప్పు చూద్దాం."

"తూర్పు బొరియ దగ్గర."

గుంటయ్య నిలబడింది పడమటి బొరియ ముందు, తాడిచెట్టు మొదట్లో. దొంగవెధవ, "నీ కళ్లే కళ్లు వదినా" అని ఊరుకున్నాడు.

లోపల పెద్దకూతురు మెల్లిగా అంది, "అమ్మా, తాడిచెట్టు పడమర కదా ఉంది. గోడ మీద తూర్పునుందేం?"

"తలకిందులైన చెట్టు ఎటుంటే నీకెందుకే, నోర్మూసుకో" అంది చుక్కమ్మ. నిజానికి ఆవిడకు జవాబు తెలియదు. తెలియదని పిల్లల ముందు ఒప్పుకోవడానికి నామోషీ.

తెల్లారేసరికి చిన్నపిల్ల తల ఎత్తలేకపోయింది. ఇక ఆగితే ఆకలికే పోతారని చుక్కమ్మ గుండె చెరువైంది. గోడ చూసింది. తూర్పు వైపున గుంటయ్య ముడుచుకుని పడుకున్నాడు.

"వాడు తూర్పున నిద్రపోతున్నాడు. మీరు పడమటి బొరియలోంచి చప్పుడు కాకుండా పోయి, గరిక మేసి వచ్చేయండి."

పెద్దది కదలలేదు.

"అమ్మ మాటంటే లెక్కలేదా?" అని ముందుకు తోసింది చుక్కమ్మ. దాని వెనకే మిగతావాళ్లు ఒకరి తోక పట్టుకుని ఒకరన్నట్టు బయల్దేరారు.

చుక్కమ్మ మళ్లీ గోడ ముందు కూర్చుంది. గుంటయ్య లేచాడు. పిల్లలు కూడా గోడ మీదికొచ్చారు, తలకిందులుగా, సరిగ్గా వాడి మూతి ముందుకు. బొమ్మ తూర్పున ఉంది, కేకలు పడమటి బొరియలోంచి వస్తున్నాయి. "వెనక్కి రండి" అని అరుస్తూ పరుగెత్తింది. బొరియ ఇరుకు. ముందువాళ్లు వెనక్కి తిరగలేరు, వెనకవాళ్లకు ముందు జరిగేది కనబడదు.

అంతా అయ్యాక గుంటయ్య మూతి నాక్కుంటూ చిల్లు దగ్గరికొచ్చాడు. "గోడను తిట్టకు వదినా. అది పైదాన్ని కిందికే కాదు, ఇటుదాన్ని అటు కూడా తిప్పి చూపిస్తుంది. నువ్వు సగమే తిప్పుకున్నావు."

చుక్కమ్మ మట్టి తెచ్చి చిల్లు పూడ్చేసింది. ఆ ఇంట్లో ఇక కాచుకోవలసినవాళ్లెవరూ లేరు.

నీతి: సగం తెలిసి అంతా తెలుసనుకునే పెద్దరికం ముందు పిల్లల్నే బలి పెడుతుంది.