పదో తరగతి వారి సిమ్లా మావయ్య

ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేలినా నా మీసం సగం తీయించుకుని మెయిన్ రోడ్డు మీద ఊరేగుతాను. ఏ సగమో కూడా మీరే చెప్పండి. అనుమానం ఉన్నవాళ్లు ఇప్పుడే అనుమానించేయండి, మధ్యలో నన్ను ఆపొద్దు. నన్ను ఆపగల మనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. పొన్నలంక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా నేను విజిలేస్తే గోదావరి అవతలి గట్టున బస్సు ఆగిపోయి, కండక్టరు కిందికి దిగి, "ఎవరండీ ఎక్కేది?" అని వెతుక్కునేవాడు. మీసం మీద నిమ్మకాయ నిలబెట్టమని పిల్లలడిగితే నాకు నవ్వొచ్చేది. నిమ్మకాయ ఏ గుమాస్తా మీసం మీదైనా నిలుస్తుంది. నా మీసం మీద దబ్బకాయ నిలిచేది.

అయితే ఈ కథ నాది కాదు, భుజంగరావు మాస్టారిది. నేను లేకపోతే అసలు జరిగేదే కాదు, అది వేరే సంగతి.

మాస్టారు మా స్కూల్లోనే ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ప్రశ్న వినగానే కళ్లజోడు తీసి, కండువా అంచుతో తుడిచి, "చూద్దాం పద" అనేవారు. అడిగినవాళ్లు ఆయన వెంట నడవాల్సిందే. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి జరిగేది. అదే జవాబు.

ఒక సోమవారం సాయంత్రం ఆయన అరుగు మీద ఇద్దరం చదరంగం ఆడుతున్నాం. ఆయన రాజు నా గుర్రాలకు భయపడి మూల వెతుక్కుంటున్నాడు. అప్పుడు ప్రసూన వచ్చింది. ఆయన దగ్గర చదువుకున్న పిల్లే, ఆ ఏడే ఆయన కుర్చీలోకి ఇంగ్లీషు టీచరుగా వచ్చింది. చంకలో కాగితాల కట్ట, మొహంలో కడవెడు నీరసం.

"మాస్టారూ, చదవని వాళ్లకీ రాయని వాళ్లకీ వారం వారం హోంవర్కు ఎందుకివ్వాలండీ?" అని అడిగింది.

సంగతేమిటంటే, ప్రతి శుక్రవారం ఆ అమ్మాయి పదో తరగతికి ఒక పాఠం చదువుకు రమ్మని, దాని మీద సొంతంగా ఒక పేజీ రాసుకు రమ్మని చెప్పేది. పిల్లలు సోమవారం బుద్ధిగా తెచ్చేవాళ్లు. తెచ్చేదంతా గైడులోది. హెడ్మాస్టరు సోమేశ్వరంగారు ఆరోజే పిలిచి, "పాసు మార్కులు వచ్చేది గైడు వల్లనమ్మా, భావాల వల్ల కాదు. వచ్చే సోమవారానికి గైడులో లేని పేజీ ఒక్కటి చూపించు, నీ పద్ధతే కానిద్దాం. లేదా, గైడు బట్టీ వేయించు, నీకూ నాకూ సుఖం" అన్నారట.

"నాకూ ఆయన మాటే నిజమనిపిస్తోంది మాస్టారూ. అదే నా బాధ" అంది.

మాస్టారు పై కాగితం తీసి చదివారు. మొహం వెలిగిపోయింది. "ఏవమ్మాయ్, ఈ పిల్లకి సిమ్లాలో కల్నల్ మావయ్య ఉన్నాడే!"

"అందరికీ ఉన్నాడండీ. తిరగేయండి."

తిరగేశారు. ఆ వారం పాఠం ఒక మేనమామ కథ, రాయాల్సింది ఎవరి మావయ్య గురించి వాళ్లు. తరగతి మొత్తానికీ ఒకడే మావయ్య. రిటైర్డ్ కల్నల్. సిమ్లాలో కాపురం. పొద్దున్నే యాపిల్ తోటలో షికారు. వెంట గోధుమరంగు కుక్క, దాని పేరు టైగర్. ఒక మహానుభావుడైతే గైడులో ఆ పేజీ అడుగున అచ్చయిన 'తరువాయి పక్క పేజీలో' అన్న మాటను కూడా పొల్లుపోకుండా దించాడు.

మాస్టారు కళ్లజోడు తుడిచారు. "ఇంతమందికి మేనమామ అయ్యుండి ఒక్కసారైనా ఊరికి రాకపోవడం మర్యాదగా లేదు. పిలిపిద్దాం."

"ఎవర్నండీ?" అంది ప్రసూన.

ఆయన నా మీసం వంక చూశారు.

శుక్రవారం నాడు నేను పదో తరగతి గదిలోకి అడుగుపెట్టిన తీరు చూసి ఉంటే మీరు లేచి సెల్యూట్ కొట్టేవారు. ఖాకీ నిక్కరుకు గంజి, బూట్లకు పాలిష్, ఛాతీ మీద ఆటల పోటీల్లో నేను గెలిచిన పతకాలన్నీ. వాటి బరువుకు మామూలు మనిషైతే ముందుకు పడిపోయేవాడు. చేతిలో తాడు, తాడు చివర టైగర్. టైగర్ అంటే మధ్యాహ్న భోజనాల దగ్గర తిరిగే మా బడి కుక్కే. పేరు కర్రోడు, రంగు కారునలుపు. సిమ్లా సరుకు మా లంకలో అంతకన్నా దొరకలేదు.

"లేవండర్రా, మీ మావయ్యొచ్చారు" అన్నారు మాస్టారు గంభీరంగా. "ఇంతకాలం ఆయన గురించి రాస్తున్నారు గదా, ఇక అడగాల్సినవేవో ఇంగ్లీషులో అడగండి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాకు ఇంగ్లీషు అనర్గళంగా వచ్చు. అటెన్షన్, స్టాండెటీజ్, అబౌటర్న్, డిస్మిస్. యుద్ధాలు గెలవడానికి ఏ సేనానికైనా ఇంతకన్నా ఏం కావాలి?

పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. ముందు బెంచీ నవ్వాపుకోలేక బల్ల కింద దాక్కుంది. కర్రోడు అటెన్షన్‌లో నిలబడక గోక్కున్నాడు. అప్పుడు వెనక బెంచీలోంచి, అంతకుముందు హాజరు పలకడానికి తప్ప నోరు తెరవని చిట్టిబాబు లేచాడు.

"సార్... బుక్‌లో టైగర్ బ్రౌన్. దిస్ టైగర్ బ్లాక్. వై సార్?"

ప్రసూన కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయింది. గైడులో లేని ఇంగ్లీషు ఆ గదిలో వినపడటం అదే మొదలు.

"అటెన్షన్!" అన్నాను, గోడల సున్నం రాలేలా.

ఇక గట్టు తెగింది. "వేర్ ఈజ్ అవర్ యాపిల్స్ సార్?" అని ఒకడు. "మావయ్యగారూ, వాట్ ఈజ్ అత్తయ్య నేమ్?" అని ఇంకొకత్తె. నేను మళ్లీ "అటెన్షన్!" అనగానే, "మనత్తయ్య పేరు అటెన్షనటే!" అని కిటికీ పక్కనుంచి మూడో గొంతు. నవ్వుల ధాటికి పక్క గదిలో లెక్కల మాస్టారు పరిగెత్తుకొచ్చి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్లిపోయాడు.

మాస్టారు చెయ్యెత్తారు. "పాపం, ప్రయాణంలో కల్నల్‌గారి గొంతు పోయింది. జవాబులు మీరే రాసి తేవాలి. మేనమామ గుట్టు మేనల్లుళ్లకీ మేనకోడళ్లకీ కాక ఎవరికి తెలుస్తుంది? ముందు ఇంటికెళ్లి పాఠం మళ్లీ చదవండి. అందులో మావయ్యకీ మీ మావయ్యకీ పోలికలెక్కడో, తేడాలెక్కడో చూసుకోండి." హోంవర్కు పాతదే చూశారా? చదవడం, రాయడం. ఆ రోజు పిల్లలు మాత్రం బడి గంట కొట్టకముందే పుస్తకాలు తిరగేస్తున్నారు.

సోమవారం పొద్దున కాగితాలొచ్చాయి. సిమ్లాలో కుక్కలకు మసి స్నానం చేయిస్తారని ఒకడు రాశాడు. అసలు టైగర్‌ని రైల్లో ఎవరో మార్చేశారని ఒకడు. కల్నల్ తన మీసానికి వేసుకోగా మిగిలిన రంగు కుక్కకు పూశాడని చిట్టిబాబు రాశాడు. అది పచ్చి అబద్ధం, మీరు పట్టించుకోకండి.

అన్నిటికన్నా అడుగున సత్యవేణిది ఉంది. ఎవరితోనూ కలవని పిల్ల, మూడో బెంచీ. ప్రసూన ఆ పేజీ చదివి, తీసుకుని హెడ్మాస్టరు గదికి నడిచింది. వెనకాలే మాస్టారు, వాళ్లకు రక్షణగా నేను.

సోమేశ్వరంగారు కాగితం తీసుకుని, అలవాటుగా కళ్లు సగం మూసి పైకి చదవడం మొదలెట్టారు. ఆ పిల్ల వంకర ఇంగ్లీషును మన భాషలో చెబితే ఇదీ: 'నాకు కల్నల్ మావయ్య లేడు. మా మావయ్య రేవులో పడవ సరంగు. వరద నీళ్లంటే భయం లేదు. కుక్కలంటే భయం. కుక్క పడవెక్కితే మావయ్య బల్లెక్కుతాడు. ఎందుకెక్కావంటే లోతు చూస్తున్నానంటాడు. అందరూ నమ్ముతారు. నేను నమ్మినట్టు ఉంటాను. గైడులో మా మావయ్య లేడు. అందుకని రాస్తున్నాను.'

సగానికొచ్చేసరికి హెడ్మాస్టరుగారి కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. ఆయన ఇల్లు అవతలి గట్టున. రోజూ ఎక్కేది ఆ పడవే.

"ఏవండోయ్," అన్నారు కుర్చీలో ముందుకు జరిగి, "నూకరాజు బల్లెక్కేది కుక్కకు భయపడా? నేనింతకాలం నది లోతు తగ్గిందేమోనని హడిలి చస్తున్నానండీ!" ఆయన నవ్వుకు బొజ్జ బల్లకు తగిలి సిరాబుడ్డి ఒరిగింది. నేను గాల్లోనే పట్టాను, ఒక్క చుక్క పోనివ్వలేదు. కళ్లు తుడుచుకుని కాగితాన్ని మళ్లీ మొదటినుంచీ చదువుకున్నారాయన. ఒక హోంవర్కును ఆయన రెండుసార్లు చదవడం మా బడి పుట్టాక జరగలేదు.

"నీ పద్ధతే కానీమ్మా" అన్నారు చివరికి. "వచ్చేవారం ఆ పిల్ల ఏం రాస్తుందో నాకూ చూపించు."

వరండాలోకి వచ్చాక ప్రసూన మొహం చూడాలి, దీపావళి మా బడికి ముందే వచ్చేసినట్టుంది. కాగితాన్ని గోడకానించి, అలవాటు కొద్దీ ఎర్రకలం మూత తీసింది. తీశాక కాస్త వెలవెలబోయింది.

"కానీ తప్పులున్నాయి మాస్టారూ. ప్రతి వరసలోనూ."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు: "గైడులో ఒక్కటి కూడా ఉండదమ్మా."

ప్రసూన కలానికి మూత పెట్టేసింది.

ఇంకా అనుమానముంటే మీరు మా రేవుకే రండి. వస్తూ వస్తూ చిన్న కుక్కపిల్లను చంకనేసుకోండి. మిమ్మల్ని చూడగానే బల్లెక్కి గోదావరి లోతు చూసే పెద్దమనిషి ఎవరో, ఆయనే నాకు సాక్షి. పేరు మల్లాడి నూకరాజు.