ఉప్పునీళ్ళలోంచి మంచినీళ్ళు తీసిన ఆదెమ్మ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది, బంగారూ. ఆ ఊరివాళ్ళంతా ఉప్పు పండించేవాళ్ళే. సముద్రపు నీళ్ళు మడుల్లోకి పెడతారు. ఎండకి నీళ్ళు ఇగిరిపోయి ఉప్పు మిగులుతుంది. అదే వాళ్ళ సేద్యం.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం ఊళ్ళోకొచ్చి, ఉన్న ఒక్క మంచినీళ్ళ బావినీ ముంచేసింది. వాన వెలిసింది. పట్టి ఉంచుకున్న వాననీళ్ళు రెండు రోజుల్లో అయిపోయాయి.

ఆదెమ్మ కోడలు నూకాలు అప్పటికి నాలుగు రోజుల బాలింత. దాహంతో నోరెండిపోయింది, పాలు పడటం లేదు. పసిదానికి ఏడ్చే ఓపిక కూడా పోయింది. కొడుకు కావడి భుజానేసుకుని నీళ్ళకి వెళ్ళాడు గానీ, కాలవ తెగి అవతలే చిక్కుకుపోయాడు.

అప్పుడు ఆదెమ్మ బావిలోంచి బిందెడు నీళ్ళు తోడింది. అందులో ఇసుక, ఆకులు, నాచు. పాత చీర నాలుగు మడతలు పెట్టి వడగట్టింది. చెత్తంతా గుడ్డలో మిగిలింది. నీళ్ళు మాత్రం బురదబురదగానే ఉన్నాయి.

ఆ తర్వాత బురదనీళ్ళని తేర్చే చిల్లగింజని రాతి మీద అరగదీసి నీళ్ళలో కలిపింది. బిందెని కదపకుండా ఉంచింది. మధ్యాహ్నానికి మట్టంతా అడుక్కి దిగిపోయింది. పైన నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి. మెల్లగా వంచుకుని గుక్కెడు తాగింది. ఒకటే ఉప్పు.

"కనపడేదాన్ని తీసేశానే. కనపడనిదాన్ని ఎలా తియ్యనే తల్లీ?" అని కోడలి పక్కన కూలబడింది.

కాసేపటికి, ఆకలికైనా ఉంటుందని ఆ నీళ్ళతోనే పొయ్యి మీద పెట్టిన గంజి పొంగింది. ఆదెమ్మ లేచి మూత తీసింది. మూత లోపల చెమట పట్టి ఉంది. చుక్కొకటి వేలి మీదకి జారితే నాకింది. ఉప్పు లేదు! ఇంకోటి నాకింది. లేదు.

పొరుగింటి సన్నెమ్మని పిలిచి నాలుక మీద ఒక చుక్క వేసింది. సన్నెమ్మ కళ్ళు మూసుకుని చప్పరించి, వానచుక్కలా ఉంది అక్కా అంది.

ఇంక ఆదెమ్మ ఆగలేదు. పెద్ద కాగులో ఉప్పునీళ్ళు పోసింది. మధ్యలో ఇటుక పెట్టి, దానిమీద ఇత్తడి గిన్నె నిలబెట్టింది. కాగు మీద గుండ్రటి అడుగున్న మూకుడు మూతపెట్టి, సందుల్లో తడిగుడ్డ కుక్కింది. మూకుడులో బావిలోని చల్లటి ఉప్పునీళ్ళే పోసింది. ఉన్న నాలుగు పొడి కట్టెలూ గంజికే అయిపోయాయి, మిగతావన్నీ తడిసిపోయాయి కదా, తన నులకమంచం విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది.

నీళ్ళు మరిగాయి. ఆవిరి పైకి లేచి చల్లటి మూకుడుకి తగిలింది. తగిలి చుక్కలై, గిన్నెలో ఒక్కొక్కటే టప్ టప్ మని పడటం మొదలెట్టింది. సన్నెమ్మ చెప్పగా వచ్చి గుమిగూడిన ఆడవాళ్ళంతా దగ్గరికి జరిగి ఆ చప్పుడు విన్నారు.

గిన్నె నిండింది. చల్లార్చి నూకాలుకి గుక్క గుక్కగా పట్టించింది. అలా మూడు గిన్నెలు తాగింది నూకాలు. సాయంత్రానికి పసిది తల్లి రొమ్ము పట్టుకుని గుటకలేసింది. ఆ మర్నాడు ఇంటింటా ఒక కాగు ఎక్కింది. మూడో రోజున కొడుకు పడవలో నీళ్ళు తెచ్చేదాకా ఊరంతా అలాగే దాహం తీర్చుకుంది.

ఆ మొదటిరోజు సాయంత్రం అందరూ వెళ్ళాక ఆదెమ్మ కాగులోకి వంగి చూసింది. అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. తలెత్తితే సముద్రం మీద మబ్బొకటి లేస్తోంది. అంత ఉప్పు సముద్రంలోంచి అంత తియ్యటి వాన ఎలా వస్తుందో ఆమెకప్పుడు తెలిసింది. ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
మబ్బు మళ్ళె మింటికి,
మనమేమో ఇంటికి.