కోటగుమ్మం మీద కొత్త బొమ్మ

చందవరం కోటగుమ్మం మీది బొమ్మచెక్క బాగా పాతబడిందని, రాజుగారు రంగులు వేసే గవరమ్మను పిలిచి కొత్తది చేయించారు. ఆమె పురివిప్పిన నెమలిని వేసి గుమ్మానికెత్తింది. తెల్లారేసరికి ఊరు రెండుగా చీలింది. అద్భుతమని కొందరంటే, అచ్చం తడిసిన కోడిపుంజులా ఉందని కొందరు నవ్వారు. మంత్రి విరూపాక్షయ్యైతే నిండు సభలో కన్నీళ్లే పెట్టుకున్నాడు.

"ప్రభూ, ఆ పాత బొమ్మకు రోజూ దండం పెట్టుకునే లోపలికొచ్చేవాణ్ణి. దాన్ని దించేసిన ఈ మనిషిని ఊరు దాటించండి!"

గవరమ్మ చేతులు కట్టుకుని, "తప్పయిపోయింది మంత్రిగారూ. పాతదే మళ్లీ వేస్తాను. ఆ ఏనుగు తొండం పైకెత్తాలో, కిందికి దించాలో తమరే సెలవియ్యండి" అంది.

"పైకే! ఠీవిగా ఎత్తి ఉండేది!" అన్నాడు మంత్రి.

"కళ్లు కనబడవా? కిందికే ఉండేది!" అని దండనాయకుడు లేచాడు. ఇక సభంతా ఆ తొండం కోసం జుట్లు పట్టుకుంది.

గవరమ్మ ఇంటినుంచి పాత చెక్కను తెప్పించి అందరి ముందూ నిలబెట్టింది. దాని మీద ఉన్నది ఎద్దు.

"ఇన్నేళ్లూ దీన్ని ఒక్కరూ తలెత్తి చూసినట్టు లేదు ప్రభూ. నెమలి వచ్చాక ఊరంతా గుమ్మం దగ్గరే ఉంది. ఏది ఉంచమంటారు?"

రాజుగారు కిరీటం జారేలా నవ్వి, నెమలినే ఉండనిమ్మన్నారు. అందరూ వెళ్లాక ఆమెను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు.

"ఎవరితోనూ అనకు గవరమ్మా, నేనూ ఏనుగనే అనుకున్నాను."